బజ్జీ మిరపలో కారం

రాజాం,
23 ఆగస్టు 2015.

ఒసే సుందరీ,

మీ ప్రభువుకీ మా పైడితల్లికీ ఒకేసారి దండం పెట్టి ఈ ఉత్తరం మొదలెడుతున్నాను. ఎవరికి తీరికుంటే వాళ్ళు నిన్ను చల్లగా చూస్తారు.

ఇకనుంచి నాకు ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. కుడి చెవి కూడా పోయింది. మెషీను పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీసేస్తే లోకమంతా మూగనోము పట్టినట్టుంటుంది. మొన్న నువ్వు ఫోన్‌లో పావుగంట ఏదో చెప్పావు. నేను ఊ కొట్టాను. ఒక్క ముక్క వినబడితే ఒట్టు. చావు కబురు చెప్పి ఉంటే క్షమించు. మా ఆయన ఇప్పుడు నాతో మాట్లాడాలంటే పలకా సుద్దముక్కా పట్టుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు వ్యవసాయ శాఖలో రైతులకి ఉపన్యాసాలిచ్చిన తిరుమలరావుగారు, 'పప్పులో ఉప్పు లేదు' అని రాయడానికి వేళ్ళు నొప్పులంటున్నారు. ఆయన తప్పులు దిద్దుతుంటే నాకు రిటైరైన ఉద్యోగం మళ్ళీ వచ్చినట్టుంది.

టీచర్ ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నప్పుడు సెలవులొస్తే పేజీలకు పేజీలు రాసుకునేవాళ్ళం కదా. అలాగే రాయి. పోస్ట్‌మాన్‌కి కూడా పని ఉండాలి.

కవరులో రెండు పొట్లాలున్నాయి చూడు. ఎర్ర దారం కట్టింది టమాటా, నాటురకం. తెల్ల దారం కట్టింది బజ్జీ మిరప. మా మేడ మీద కుండీల్లో మూడేళ్ళుగా కాపాడుకొస్తున్న విత్తనం. కాయ జానెడుంటుంది, కారం మాత్రం పేరుకి కూడా ఉండదు. కారం లేనిది నీకు ఆనదని తెలుసు. హాస్టల్లో చోడి అంబలిలో నంజుకుని నాలుగు పచ్చిమిరపకాయలు కరకరా నమిలి, కంట నీరు పెట్టని పిల్లవి నువ్వొక్కదానివే. అయినా తొలి కోత చర్చిలో పెడతారుగా, చూపుకి బాగుంటాయని పంపుతున్నాను.

నీ
పద్మకుమారి


పాతపట్నం,
27 సెప్టెంబరు 2015.

ప్రియమైన పద్మకి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మమ్మల్నిద్దర్నీ ఆయన కాస్తున్నాడు. అక్కడ మిమ్మల్నీ కాస్తున్నాడనే నమ్మకంతో రాస్తున్నాను.

ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పింది చావు కబురు కాదు. మా చర్చి స్త్రీల సమాజానికి నన్ను నాలుగోసారి ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారని చెప్పాను. నువ్వు ఊ కొడుతుంటే నా గురించి గర్వపడుతున్నావనుకుని ఇంకా పొడిగించాను.

నారు బాగా వచ్చింది. గోడ వెంబడి టమాటా రెండు వరసలు, మధ్యలో నీ బజ్జీ మిరప ఇరవై మొక్కలు నాటాను. కంచె అవతల పక్కింటి లక్ష్మణమ్మ నాటుమిరప వేసింది. అది సూదంత కాయ, నిప్పురవ్వ. ఆ గాలి తగిలి నా బజ్జీ మిరపకి కారం ఎక్కుతుందేమోనని భయంగా ఉంది. ఇక్కడ అందరూ అదే అంటారు.

మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. తొలి కోత ఆదివారం చర్చి బల్ల మీద పెట్టేదాకా ఇంట్లో ఎవరం నోట పెట్టం. మా ఆయన ఏసుదానంగారు సంఘ పెద్ద కాబట్టి ఊరి కళ్ళన్నీ మా పెరటి మీదే ఉంటాయి. నేను తెల్లవారి నాలుగున్నరకే తోటలోకి వెళ్ళిపోతాను. ఆరున్నర దాకా అటు ఎవరూ రాకూడదని చెప్పి ఉంచాను. అది నా ప్రార్థన వేళ అని అందరికీ తెలుసు.

పేనుబంక తగిలితే పొగాకు ఉడకబెట్టి ఆ కషాయం చల్లుతున్నాను. పర్లాకిమిడి నుంచి ఆకు తెప్పిస్తున్నాను. చెవులు జాగ్రత్త.

నీ
జ్ఞానసుందరి


రాజాం,
8 నవంబరు 2015.

ఒసే ప్రెసిడెంటుగారూ,

వందనాలు. నువ్వు ప్రెసిడెంటయితే నాకేం గర్వం? ట్రైనింగ్‌లోనే నువ్వు గది ప్రెసిడెంటువి. నా పక్క దులిపానో లేదో కూడా చూసేదానివి.

నీ గాలి సంగతి పలక మీద రాసి మా ఆయనకి చూపించాను. ఆయన పగలబడి నవ్వి, "గాలికి కారం అంటుకోదని సెప్పు. ఒకేళ పుప్పొడి కలిసినా ఆ గింజలు మళ్ళీ ఏస్తే వచ్చే కాపులో తెలుస్తాది గానీ ఈ కాయలోకి రాదు" అని రాశారు. నేను 'వేస్తే' అని దిద్ది తిరిగిచ్చాను.

మా కుండీల్లో బజ్జీ మిరప అప్పుడే కాపుకొచ్చింది. మనవరాలు శ్రావణి వచ్చి దోసకాయ తిన్నట్టు పచ్చికాయలు తినేసి వెళ్ళింది. దానికి ఆరేళ్ళు.

ఒక్క మాట. పూర్వం నీ ఉత్తరాల్లో వంటింటి వాసన వచ్చేది. ఏ పచ్చడి నూరావో, దాంట్లో ఎన్ని మిరపకాయలు వేశావో రాయకుండా సంతకం పెట్టేదానివి కాదు. ఈసారి తోట ఉంది, చర్చి ఉంది, తిండి లేదు. ఏం తింటున్నావే?

నీ
పద్మ


పాతపట్నం,
13 డిసెంబరు 2015.

పద్మకి,

వందనాలు. ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

కారం పేరుకి కూడా ఉండదన్నావు. ఆ మాట నమ్మి, ఎలీషా పాస్టరుగారి ఇంట్లో చిన్నపిల్లలు తింటారని చెప్పి మొత్తం తొలి కోత వాళ్ళకే ఇప్పిద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని నిన్న ఒక కాయ కొస కొరికాను. చర్చిలో పెట్టకముందే నోట పెట్టడం నా జీవితంలో అదే మొదటిసారి. దానికి తగిన శాస్తి జరిగింది. నోరంతా నిప్పులు పోసినట్టయింది. మజ్జిగ పుక్కిలించాను, బెల్లం చప్పరించాను, సాయంత్రం దాకా తగ్గలేదు. పచ్చిమిరపకాయలు నమిలిన సుందరికే ఇలా ఉంటే ఆ పసిపిల్లల గతేమిటి?

ఇది లక్ష్మణమ్మ మిరప గాలేనని నేను తీర్మానించాను. మీ ఆయన ఆఫీసులో చదువుకున్నారు, నేను నోటితో చూశాను. కంచె దగ్గరికి వెళ్ళి ఆ వరస పీకెయ్యమన్నాను. లక్ష్మణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏటి టీచరమ్మా, నా మొక్క నా దొడ్లో ఉన్నాది. నీ కాయ కారమైతే నానేటి సేత్తాను? దేవుడ్ని అడుగు, రోజూ మాటాడుతన్నావు గదా" అంది. ముప్ఫై ఏళ్ళ ఇరుగుపొరుగు. నిన్నటి నుంచి మాటల్లేవు.

టమాటా కూడా బాగాలేదు. ఆకుల మీద ముదురాకుపచ్చా లేతాకుపచ్చా మచ్చలు మచ్చలుగా వచ్చి, కొత్త ఆకులు సన్నగా ముడుచుకుపోతున్నాయి. నేను రోజూ చేత్తో చిగుళ్ళు సర్ది కట్టే మొక్కలకే ఎక్కువగా ఉంది. ఒక ఆకు ఈ కవరులో పెట్టాను. అన్నయ్యగారికి చూపించు. నీ రెండు విత్తనాలూ రెండు రకాలుగా నన్ను ఏడిపిస్తున్నాయి.

సుందరి


రాజాం,
20 డిసెంబరు 2015.

ఒసే కోపిష్టిదానా,

నీ కోపం చదివి హాయిగా నవ్వుకున్నాను. నవ్వాక మేడెక్కి ఒక కాయ కోసి నమిలాను. సొరకాయ నయం. అదే విత్తనమే, ఒకే చెట్టు కాయలోవి. అనుమానం తీరడానికి నీ కాయలు నాలుగు పంపు. లక్ష్మణమ్మకి మాత్రం ముందు ఓ గిన్నెడు టమాటాలిచ్చి రాజీపడు. తప్పు నీదే.

ఇక ఆకు. మా ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. తర్వాత పలక మీద ఏం రాశారో తెలుసా? "ఆళ్ళింట్లో సుట్ట ఎవులు తాగుతారు?" నేను దిద్దడం కూడా మరచిపోయాను. పొగాకులో ఉండే తెగులు, చుట్ట తాగేవాళ్ళ వేళ్ళకి అంటుకుని, ఆ వేళ్ళతో ముట్టుకున్న టమాటా మొక్కకి ఎక్కుతుందట. సంఘ పెద్ద ఇల్లు, అక్కడ చుట్టేమిటి అన్నాను. ఆయన భుజాలెగరేసి పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయారు.

ఏసుదానం అన్నయ్యగారు ఈ వయసులో చాటుగా మొదలెట్టారేమో గమనించు. మొగవాళ్ళని నమ్మకూడదు. నేనీ మాట అన్నానని చెప్పకు.

నీ
పద్మ


పాతపట్నం,
3 జనవరి 2016.

పద్మకి,

నూతన సంవత్సర శుభాలు.

మా ఇంట్లో చుట్ట తాగేవారు ఎవరూ లేరు. ఆయన మీద అలాంటి మాట హాస్యానికైనా రాయకు. పొగాకు కషాయం చల్లుతున్నానని సెప్టెంబరులోనే రాశాను. తెగులు దాన్నుంచే వచ్చి ఉంటుంది. అన్నయ్యగారికి అది చెప్పు.

కాయలు ఆరు పంపుతున్నాను. పాస్టరుగారు పని మీద రాజాం వస్తున్నారు, ఆయన చేతికిచ్చాను. ఈ సంవత్సరం నేలే పాడైనట్టుంది. నా టమాటా చారు మండింది. లక్ష్మణమ్మతో రాజీపడి ఆమె టమాటాలు తెచ్చి వండితే అవీ మండాయి. చింతపండు మండింది. పాలలో నానబెట్టిన అన్నం తింటున్నాను, అది చాలు. ఈ వయసులో నాలిక రుచులకి పోకూడదని ప్రభువు చెబుతున్నాడేమో.

ఈసారి కోతల పండక్కి నా తోట నుంచి ఏమీ పెట్టను.

సుందరి


రాజాం,
8 జనవరి 2016.

సుందరీ,

ఈసారి వేళాకోళం లేదు. కూర్చుని చదువు. గదిలో ఎవరైనా ఉంటే పంపించెయ్యి.

నీ కాయలు ఆరూ తిన్నాం. నేను రెండు, ఆయన రెండు, పనమ్మాయి రెండు. ఒక్కదానిలో కూడా కారం లేదు. నీ నేల పాడవలేదు. నీ విత్తనం పాడవలేదు.

నిన్న నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచి వరసగా చదివాను. ఫోన్‌లో అయితే ఆ మాటలు ఆ రోజుకే గాలిలో కలిసిపోయేవి. కాగితం మీద ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చూడగలిగాను. కారం లేని కాయ మండింది. చారు మండింది. చింతపండు మండింది. నీకు అన్నీ మండుతున్నాయే. మా ఆయన్ని మళ్ళీ అడిగాను. ఉడికించిన కషాయంలో ఆ తెగులు బతకదట, ఉడకని ఆకు రోజూ పట్టుకునే చేతుల నుంచే వస్తుందట. నువ్వు చేత్తో సర్దే మొక్కలకే వచ్చిందని నువ్వే రాశావు.

మా అమ్మ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మ అడ్డచుట్ట తాగేది. మన వైపు ఆడవాళ్ళు తాగినట్టే, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. చివరి సంవత్సరం మా వదిన ఏం వండినా, "ఓసి దీనమ్మా, కారం కుమ్మరించి నన్ను సంపేత్తన్నాది" అని తిట్టేది. వదిన కారం మానేసి వండింది. అయినా తిట్టింది. అందరం చాదస్తం అనుకున్నాం. అది చాదస్తం కాదు, అంగిట్లో పుండు. తెలిసేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ కేక నేను మరచిపోలేదు. నీ ఉత్తరంలో అదే కేక వినబడింది. నేను చెవిటిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు.

నువ్వు తాగుతావో లేదో నాకు చెప్పనక్కర్లేదు. తాగితే నా దృష్టిలో నీ విలువ గుండుసూదంత కూడా తగ్గదు. చిన్న టార్చి తీసుకుని అద్దం ముందు నిలబడి నోరు తెరువు. పైకి చూడు. ఏం కనబడిందో రాయి.

పద్మ


పాతపట్నం,
13 జనవరి 2016.

పద్మా,

చూశాను.

అంగిలంతా తెల్లటి పొర. మధ్యలో శనగగింజంత ఎర్రటి పుండు. అది అక్కడ ఉందని నాలుకకి ఆగస్టు నుంచే తెలుసు. కంటికి మొన్ననే తెలిసింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి తాగుతున్నాను. పెళ్ళయిన రెండో ఏడు పన్ను నొప్పి వచ్చి మూడు రోజులు నిద్రలేదు. మా అత్తగారు, "ఓలమ్మా, రెండు దమ్ములు లాగు, తగ్గిపోతాది" అని తన చుట్ట ఇచ్చింది. పన్ను తీయించుకున్నాను గానీ చుట్ట పోలేదు. నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి చీకట్లో ఎవరికీ కనబడదు. అందుకే తెల్లవారకుండా తోట. అందుకే ఆరున్నర దాకా ఎవరూ రాకూడదు. అందరూ ప్రార్థన అనుకున్నారు. నేను కాదనలేదు. ఆ మొక్కలంటే నాకు ప్రాణమే పద్మా, అది అబద్ధం కాదు. కానీ తోట వేసింది మొక్కల కోసం కాదు.

ఇంకొకటి కూడా రాసేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం రాదు. మా సంఘంలో ప్రిస్కిల్లా అని కూలిపని చేసుకునే మనిషి ఉంది. చుట్ట తాగుతుందని ఆరేళ్ళ కిందట ఆమెని చర్చిలో ప్రభు భోజనపు రొట్టె తీసుకోకుండా ఆరు నెలలు ఆపించాం. ఆ తీర్మానం రాసింది నేనే. అందరి ముందూ చదివింది నేనే. ఆమె లేచి, "నిప్పు నా నోట్లో ఎట్టుకుంటే మీకేటి మంటమ్మా?" అంది. ఆరు నెలలు అయ్యాక కూడా ఆమె తిరిగి రాలేదు. ఆ తీర్మానం రాసిన రోజు పొద్దున్న కూడా నేను తాగాను.

ఇప్పుడు ఆసుపత్రికి వెళితే ఎందుకని అడుగుతారు. ఊరంతా తెలుస్తుంది. వచ్చే నెల కోతల పండక్కి ఆయనే పెద్ద. ఆయన తల దించుకోవడం నేను చూడలేను. పండగ అయ్యాక వెళతాను. మందు ఏదైనా ఉంటే అన్నయ్యగారికి తెలిసిన డాక్టరు చేత రాయించి పంపు. ఎవరికీ చెప్పకు.

సుందరి


పాతపట్నం బస్సులో,
19 జనవరి 2016.

సుందరీ,

అక్షరాలు వంకరగా ఉంటే రోడ్డుని తిట్టు. పాలకొండ దాటాం. ఇది పోస్టులో వెయ్యడం లేదు. నీ చేతికే ఇస్తాను. నువ్వు చదివి తలెత్తేసరికి నేను ఎదురుగా ఉంటాను, మా ఆయన నా వెనకాల సంచి పట్టుకుని ఉంటారు.

నీతో వాదించడానికి రావడం లేదు. చెవిటిదానితో వాదన ఏమిటి? నువ్వు ఎన్ని సాకులు చెప్పినా నాకు వినబడవు. రేపు విశాఖపట్నంలో డాక్టరు దగ్గరికి చీటీ తీసుకున్నాం. పండగ వచ్చే ఏడాది కూడా వస్తుంది. నువ్వుంటేనే నాకు పండగ.

నాకు భయంగా ఉందే. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. మా అమ్మని పోగొట్టుకున్నప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా ఊరుకుంటే నేను మనిషిని కాదు. రెండు చీరలు సర్దుకో.

పద్మ


విశాఖపట్నం, ఆసుపత్రి,
19 ఫిబ్రవరి 2016.

ప్రియమైన పద్మకి,

నువ్వు నిన్న బస్సెక్కావో లేదో నాకు కాగితం దొరికింది. మాట్లాడటానికి ఇంకా వారం ఆగాలన్నారు కాబట్టి ఇప్పుడు మనిద్దరికీ ఉత్తరాలే గతి.

డాక్టరమ్మ ఈ రోజు వచ్చి రిపోర్టు చెప్పింది. కోసింది చాలు. చుట్టుపక్కల ఎక్కడా లేదు. మెడలోకి పాకలేదు. "ఇంకో నాలుగైదు నెలలు ఆగి వచ్చుంటే ఇంత తేలిగ్గా సెప్పేదాన్ని కాదమ్మా. ఎవరు పంపించేరు మిమ్మల్ని?" అని అడిగింది. నేను పలక మీద 'బజ్జీ మిరపకాయ' అని రాశాను. ఆమెకి అర్థం కాలేదు. నేను నవ్వబోతే కుట్లు లాగాయి.

అంగిట్లో చిన్న కన్నం మిగిలింది. దానికి ఒక ప్లేటు చేసి ఇచ్చారు, కట్టుడుపళ్ళలా పెట్టుకుని తీసుకోవాలి. అది లేకుండా నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి. గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వస్తుందట. నీకెలాగూ తేడా తెలియదు.

నీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆపరేషన్ ముందు రోజు ఏసుదానంగారికి అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన తువ్వాలుతో నా మొహం తుడిచి, "నాకు ఎరికే సుందరీ" అన్నారు. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ తెలుసట. పెరట్లోకి రావాలంటే ముందు గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గేవారు. నేను ఆర్పి పారేసే దాకా ఆగి అడుగు పెట్టేవారు. ఇన్నాళ్ళూ ఆయనకి ఉబ్బసం అనుకుని నేను మిరియాల కషాయం పెట్టి ఇచ్చాను పద్మా. ఆయన అది కూడా మాట్లాడకుండా తాగారు.

"నీకు సిగ్గవుతాదని దగ్గేను. ఒక్కసారి దగ్గకండా వచ్చుంటే బాగుండును" అన్నారు. అని ఆయన ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం ఇదే మొదలు.

ఎంతమంది ప్రేమ మీద నేను బతికి ఉన్నానో ఈ మంచం మీద పడుకుని లెక్కపెడుతుంటే నిద్ర పట్టేస్తోంది. నీకు నేను ఎన్ని జన్మలకి

ఆ ముక్క పూర్తి చెయ్యడం రావడం లేదు. నువ్వే పూర్తి చేసుకో.

నీ
సుందరి


రాజాం,
2 మార్చి 2016.

ఒసే,

ఎన్ని జన్మలకీ ఏమీ వద్దు. మీ మతంలో ఒకటే జన్మ కదా, దాన్ని సరిగ్గా వాడుకో చాలు. ఇంకోసారి కృతజ్ఞతలు రాస్తే ఉత్తరం చింపేస్తాను.

కృతజ్ఞత చెప్పాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. మా ఆయన ఆకు చూసిన కన్ను ఒకటి. నా చెవులు రెండోది. అవి బాగుంటే మనం ఫోన్‌లో వాగి వాగి ఊరుకునేవాళ్ళం, నువ్వు 'బాగానే ఉన్నానే' అని ఉండేదానివి, నేను నమ్మేదాన్ని. చెవులు పోయినందుకు నేను పెట్టుకున్న కోపం ఈ నెలతో తీరిపోయింది. మొన్న పైడితల్లి గుడికి వెళ్ళి ఆ మాట అమ్మవారికి చెప్పి వచ్చాను.

నువ్వు ఇంటికెళ్ళాక ఆ తెగులు తగిలిన టమాటా మొక్కలన్నీ పీకి కాల్చెయ్యమంటున్నారు ఆయన. మిరప ఉంచవచ్చట, దానికింకా పట్టలేదు. మొక్కలు ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కో. నీ చేతులకి ఇక పొగాకు అంటదని నాకు తెలుసు, అయినా రాయమన్నారు కాబట్టి రాశాను.

ప్రిస్కిల్లా సంగతి నేను అడగను. అది నువ్వు తేల్చుకోవలసింది.

నీ
పద్మ


పాతపట్నం,
8 మే 2016.

ప్రియమైన పద్మకి,

చింపేస్తే చింపు, ముందు పూర్తిగా చదివి చింపు.

క్రిందటి ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. రోగం తగ్గినా, బిడ్డ పుట్టినా మావాళ్ళు పదిమందిని పిలిచి ప్రార్థన చేసి భోజనాలు పెడతారు, నీకు తెలుసు. సాక్ష్యం చెప్పమని ఎలీషా పాస్టరుగారు అన్నారు. 'దేవుడు స్వస్థపరచాడు' అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. అందరూ అదే ఎదురుచూశారు.

నేను లేచి అన్నీ చెప్పాను. చుట్ట, తోట, ప్రార్థన వేళ, ప్రిస్కిల్లా మీద నేను రాసిన తీర్మానం, అన్నీ. ముక్కుగొంతుతో సగం మాటలు సరిగ్గా రాలేదు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పాను. వంటల దగ్గర గరిట చప్పుడు కూడా ఆగిపోయింది. నలుగురైదుగురు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. ప్రెసిడెంటు పని నేనే వదిలేశాను, ఇప్పుడు మా సమాజంలోనే షీబా అనే ఆమె చూస్తోంది. ఏసుదానంగారు లేచి, "నానూ తప్పు సేసేను. ఎరిగుండి ఊరుకున్నాను" అని నా పక్కన నిలబడ్డారు. ఆయన తల దించుకుంటారని భయపడ్డాను కదా. దించుకోలేదు.

ప్రిస్కిల్లా ఇంటికి అంతకు ముందే వెళ్ళాను. క్షమించమని అడిగాను. ఆమె చీపురుతో వాకిలి ఊడుస్తూనే ఉంది. "విన్నానమ్మా, ఇంక ఎల్లు" అని మాత్రం అంది. కూడికకి రాలేదు.

ఇక అసలు సంగతి. మంగళవారం పొద్దున్న అయిదింటికి నేను తోటలో మిరపకి నీళ్ళు పెడుతుంటే కంచె దగ్గర లక్ష్మణమ్మ. ఆమె వెనకాల ఇద్దరు. "టీచరమ్మా, నువ్వు సూసుకున్నట్టు మా నోరు కూడా సూడు. నాకు పులుసు తింతే మండతాది" అంది. నేను టార్చి తెచ్చాను. బుధవారం అయిదుగురు వచ్చారు. చర్చికి వచ్చేవాళ్ళు, గుడికి వెళ్ళేవాళ్ళు, చేపలమ్మే ఇద్దరు, పంచాయతీలో పనిచేసే ఒకామె. అందరూ పెరటి దారినే, తెల్లవారకుండానే వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో నోరు మూసుకోమని అరిచినదాన్ని, ఇప్పుడు మిరప మళ్ళ మధ్య స్టూలు వేసి ఒక్కొక్కరినీ నోరు తెరవమంటున్నాను. నాకు వైద్యం రాదు. తెల్లగా ఉందా, పుండు ఉందా, అంతే చూస్తాను. ఉంటే డాక్టరమ్మ దగ్గరికి. ఇప్పటికి నలుగురికి ఉంది. వచ్చే గురువారం వాళ్ళని తీసుకుని బస్సెక్కుతున్నాను. నువ్వు నాకు చేసిందే నేను వాళ్ళకి చేస్తున్నాను పద్మా. నీకు నేనివ్వగలిగిన కృతజ్ఞత ఇదొక్కటే, ఇది చింపడానికి నీకు వీలుకాదు.

నిన్న శనివారం అందరూ వెళ్ళిపోయాక ప్రిస్కిల్లా వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. టార్చి నా చేతిలోంచి తీసుకుంది.

"ముందు నీది సూపించమ్మా," అంది.

ఇంతవరకూ డాక్టరమ్మకి, ఏసుదానంగారికి తప్ప ఎవరికీ చూపించలేదు. నీకు కూడా. నేను స్టూలు మీద కూర్చుని ప్లేటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. తల వెనక్కి వాల్చి నోరు తెరిచాను. ఆమె వంగి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆమె ఊపిరిలో చుట్ట వాసన నా మొహానికి కొట్టింది. కొంగుతో నా గడ్డం తుడిచి, నేను ప్లేటు పెట్టుకునే దాకా ఆగింది.

తర్వాత నన్ను లేపి, ఆ స్టూలు మీద తను కూర్చుంది. టార్చి నా చేతికిచ్చి నోరు తెరిచింది.

తెల్లటి పొర ఉంది. పుండు లేదు.

నీ
సుందరి